జానెడు తక్కువ

సూరత్, భేస్తాన్
4 మే 2025, ఆదివారం. ఎండ ఎక్కువ, గాలి లేదు. పొద్దున నీళ్ల డ్రమ్ము కడిగి నింపాను.

నర్సక్కకు తమ్ముడు సోమలింగం దండాలు.

గాలిదుమారానికి మన ఇంటి కప్పు సగం లేచిపోయిందని బక్కయ్య మామ ఫొటో తీయించి మా హారతి ఫోన్‌కు పంపాడు. ఫోన్లో నువ్వెలా ఉన్నావో అడుగుదామంటే నీకు వినిపించదు. అందుకే ఈ ఉత్తరం సిరిసిల్ల వెళ్లే ట్రావెల్స్ బస్సు క్లీనర్ చేతికిస్తున్నాను.

ఫొటోను పెద్దది చేసి చూశాను. రాతి గోడలకు ఏమీ కాలేదు. మట్టి పెట్టి కట్టినా మూరన్నర మందం గోడలు కదా. దూలం బాగానే ఉంది. తూర్పు దిక్కు వాసాలు విరిగాయి. ఇక గడ్డి మాట వద్దు. రేకులు వేయిద్దాం. వాటి కింద ఇనుప ఫ్రేము పెడితే ఏ గాలికీ కదలదు. పడమటి గోడలో ఒక కిటికీ పెట్టిద్దాం, ఇంట్లోకి వెలుతురు వస్తుంది. నాయన మగ్గం గుంటను మొరం పోసి పూడ్పించి పైన బండలు వేయిద్దాం. ఒక్కదానివే ఉంటావు. చీకట్లో కాలు గుంటలో పడి కేక పెట్టినా వినేవాళ్లు లేరు.

రేకుల మీద వాన పడితే ఆ చప్పుడు నీక్కూడా వినిపిస్తుంది.

గోడల కొలతలు పంపించు. భాగ్యలక్ష్మి నిన్ను అడిగినట్లు రాయమంది.

నీ తమ్ముడు
సోమలింగం


మన ఊరు, 11 మే

తమ్మునికి, మరదలు భాగ్యలక్ష్మికి, మేనకోడలు హారతికి నర్సవ్వ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. అది చదివితే సూరత్‌ల ఎండ ఎంతున్నదో తెలుస్తది గని నువ్వెట్లున్నవో తెల్వది. చిన్నప్పటి సంది గంతే నువ్వు. నాకు పుస్తకంల లెక్క రాయరాదు, మాట్లాడినట్టే రాస్త, నువ్వే సక్కగ చదువుకో.

కప్పు మీద తాడ్‌పత్రి కప్పిచ్చిన. పగలు బీడీలు చేసుకుంటున్న, రాత్రి పంటున్న. నాకేం గాలేదు.

రేకులు వద్దు. కిడికీ వద్దు. గుంట పూడ్చుడు అసలే వద్దు. గా గుంట పక్కన ఇన్నేండ్ల సంది పంటున్న, ఒక్కనాడన్న పడ్డనా? చిన్నప్పుడు పడ్డది నువ్వు. గడ్డం పగిలి నాయన నిన్ను బుజం మీదేసుకొని ఉరికిండు.

బక్కయ్య మామ అచ్చి చూసిండు. "గడ్డి కప్పుడు నాకు చాతనైతది బిడ్డా, గడ్డేది? బోదగడ్డి మొలిచే జాగల ప్లాట్ల రాళ్లు మొలిచినయి" అన్నడు. గడ్డి ఏడ దొరుకుతదో దేవులాడుమన్న. అంతే.

మామిడికాయలు దింపిండ్లు. తొక్కు పెట్టి పంపుత.

అక్క


సూరత్
18 మే, ఆదివారం. మబ్బు పట్టింది, వాన పడలేదు. ఫ్యాను రెక్కలు తుడిచాను.

అక్కకు దండాలు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వెందుకు వద్దంటున్నావో నాకు తెలుసు. ఖర్చు నా మీద పడుతుందని వెనకాడుతున్నావు. ఆ బాధ నీకు వద్దు. కింద షెడ్డులో వినోద్ భాయ్ వెల్డింగ్ పని చేస్తాడు, నాకు బాగా తెలిసినవాడు. ఫ్రేము ఇక్కడే చేయిస్తాను. నేను పనిచేసే మగ్గాల ఖాతాకు వచ్చే పాలిస్టర్ దారమే సిరిసిల్లకు కూడా లారీల్లో పోతుంది. ఆ లారీలో వేసి పంపుతాను. రేకులు మాత్రం అక్కడే కొనుక్కోవాలి.

గుంట సంగతి. అది నాయన గుర్తు. ఆయన అందులో కాళ్లు పెట్టుకొని నేసినవాడు. దాన్ని పూడుస్తామంటే నీకు మనసు ఒప్పడం లేదు, నాకూ అలాగే ఉంటుంది. కానీ పోయినవాళ్ల గుర్తు కోసం ఉన్నవాళ్లు కాళ్లు విరగ్గొట్టుకోకూడదు. బాగా ఆలోచించు.

జూన్ వచ్చేస్తోంది. వెంటనే కొలతలు పంపించు.

సోమలింగం


మన ఊరు, 25 మే

తమ్మునికి దీవెనలు.

నువ్వు ఊకునేటట్టు లేవు. బీడీల పని పక్కకు పెట్టి ఇల్లు కొలిచిన.

నా దగ్గర టేపు లేదు. నాయన దాచిన కోర నూలు కండె ఒకటి దూలం సందుల దొరికింది. నాలుగు పేటలు పురి పెట్టి గోడల బయటి అంచు పట్టుకొని ఇంటి సుట్టు తిరిగిన. మూల అచ్చిన కాడ రెండు ముళ్లు, దర్వాజ కాడ ఒక ముడి. ముడి ముడికి నడుమ ఎంతుంటే మన ఇల్లు అంత. తొక్కు డబ్బా తోని పెట్టి పంపుతున్న.

ఒక్క మాట అడుగుత, కోపం తెచ్చుకోకు. మన వాడల ఇల్లు కొలిపిచ్చినోళ్లందరు తర్వాత అమ్ముకున్నోళ్లే. నీకు గిసువంటి సోచనేమన్న ఉన్నదా? ఉంటే ముందే చెప్పు. బీడీలు చేసుకునేటందుకు ఇంకో అరుగు చూసుకుంట.

అక్క


సూరత్
3 జూన్, మంగళవారం. పొద్దున తుంపర. మగ్గం ఆగింది, బెల్టు మార్చాను.

అక్కకు దండాలు.

తొక్కు, దారం అందాయి. డబ్బా మూత ఊడి దారానికి నూనె, కారం పట్టాయి. భాగ్యలక్ష్మి దాన్ని వేడి సబ్బు నీళ్లలో నానబెట్టి, రెండుసార్లు జాడించింది. నేను వరండా తీగ మీద ఆరేశాను. శుభ్రంగా వచ్చింది. ముళ్లన్నీ అలాగే ఉన్నాయి.

ఆదివారం గల్లీలో పరిచాం. మూలల దగ్గర ఇటుకలు పెట్టాం. వినోద్ భాయ్ దాని పక్కనే టేపు పరిచి కొలతలు రాసుకున్నాడు. దారి పోయేవాళ్లంతా ఆగి చూశారు. "పప్పా, యే పూరా ఘర్ హై క్యా? గింతేనా?" అని హారతి అడిగింది. ఇంతేనని చెప్పాను. దాని లోపలికి దర్వాజ ముడి దగ్గరి నుంచే పోయింది, దారం దాటి పోలేదు.

ఫ్రేము చేయడం అయిపోయింది. ఎర్ర రంగు కూడా వేయించాను. గురువారం లారీలో ఎక్కిస్తారు. మనుషులను పిలిచి గోడల మీదికి ఎక్కించమని బక్కయ్య మామకు చెప్పు.

తొక్కు బాగుంది.

సోమలింగం


మన ఊరు, 14 జూన్

సోమలింగానికి.

నీ ఇనుము అచ్చింది. ఎనిమిది మంది మోసిండ్లు. వాన పడుతుండంగనే గోడల మీదికి ఎక్కిచ్చిండ్లు. ఆ పక్క గోడ మీద పెడితే ఈ పక్క గోడ అంచుకు అందుతలేదు. ఈ పక్కకు జరిపితే ఆ పక్క. జానెడు తక్కువున్నది, పొడుగుల ఇంకొంచెం ఎక్కువే తక్కువ. బక్కయ్య మామ కింద నిలబడి "గిదేందిరా, అత్తగారింటికి కొత్తగ అచ్చిన అల్లుని లెక్క ఏడ కూసుండాల్నో తెల్వక అటిటు జరుగుతున్నది" అన్నడు. అందరు నవ్విండ్లు. నేను ఆళ్ల మొకాలు చూసి నవ్విన. తర్వాత ఇంట్లకచ్చి ఏడిసిన.

దారం మీద ముళ్లు నా చేతులతోటి ఏసిన. గది తప్పయ్యే మాటే లేదు. అంటే నువ్వే తగ్గిచ్చి చేపిచ్చినవ్. గుంట దిక్కు అర్ర ఇడిసిపెట్టి, మిగిలిందానికి రేకులేసి ఎవలకన్న కిరాయికి ఇస్తవా? అమ్ముతవా అని మొన్న అడిగితే జవాబియ్యలే. తొక్కు బాగున్నదని రాసినవ్.

తాడ్‌పత్రి చినిగింది. ఇల్లు కురుస్తున్నది. పక్కింటి జమున ఆళ్ల రేకులింట్ల పంటున్న. నీ ఎర్ర ఇనుము వాకిట్ల నానుతున్నది.

నర్సవ్వ


సూరత్
19 జూన్. వాన. ఏ పనీ చేయలేదు.

అక్కకు,

ఇల్లు అమ్మే ఆలోచన నాకు లేదు. కిరాయికి ఇచ్చే ఆలోచనా లేదు. నువ్వు అడిగిన మాటకు జవాబు రాయకపోవడం నా తప్పే. రాయాల్సిన మాట అనిపించలేదు.

నువ్వు పంపిన దారం ఎంత ఉందో ఇనుమును అంతే కోయించాను. నేను దగ్గరే నిలబడ్డాను. రేకులు నీకు ఇష్టం లేకపోతే ఆ మాట గట్టిగా చెప్పవలసింది. కొలత తక్కువ చేయవలసిన పని లేదు.

వానాకాలం అయ్యేదాకా ఇక్కడికి వచ్చి ఉండు. మాది ఒకటే గది. పైన చెక్కల అటక ఉంది. హారతి అక్కడ పడుకుంటుంది, నువ్వు కింద పడుకోవచ్చు. బస్సు టికెట్ తీస్తాను.

సోమలింగం


మన ఊరు, 25 జూన్

తమ్మునికి.

కొలత నేను తక్కువ చేసిన్నంటవా. మంచిగున్నది. మళ్ల కొలిచిన. అదే కండె, అయ్యే నాలుగు పేటలు, అయ్యే ముళ్లు. వాన తెరిపిచ్చినప్పుడు బక్కయ్య మామ ఒక కొస పట్టుకున్నడు, సాక్షి ఉండాలె గదా. దారం తడవకుండ రెండు కవర్లల సుట్టి పంపుతున్న. ఈసారి తొక్కు పంపుతలేను.

సూరత్ రమ్మంటివి. అస్త, ఆడ కూసుండి ఏం జెయ్యాలె? తునికాకు ఎవలిస్తరు? ఇంకో మాట గూడ చెప్పాలె. రేకులు వద్దంటే ఖర్చుకు భయపడ్డననుకుంటివి. గుంట పూడ్చద్దంటే నాయన గుర్తు అనుకుంటివి. నాయన గుర్తుండనీకి నాకు గుంట ఎందుకురా, నీ ముక్కు చాలదా?

గా గుంటల ఉండేది ఆకు. బీడీల ఆకు కట్టలను తడి గోనెసంచిల సుట్టి గుంటల దించుత. మీద గడ్డి, సుట్టు రాయి, కింద మట్టి. నడి ఎండకాలంల గూడ ఆకు అరిటాకు లెక్క మెత్తగ ఉంటది. అందుకే కిడికీ గూడ వద్దన్న, పడమటి ఎండ సీదా గుంటల పడుతది. నువ్వు సాలోని కొడుకువు, నాయన నూలు ఆరద్దని ఆ గోడకు కిడికీ పెట్టలేదని నీకు యాదికుంటదనుకున్న.

జమున ఇంట్ల రేకుల కింద రెండు దినాలు వాన తెరిపిచ్చి ఎండ కొట్టింది. ఆకు పెళుసుబారింది. కత్తెర పెడితే పలుగుతున్నది. కంపెనోడు సగం బీడీలు ఏరేసి వాపసిచ్చిండు. "నర్సవ్వా, చేతులు పడిపోయినయా?" అన్నట్టున్నడు, పెదవులు చూసి తెలుసుకున్న. గిట్లనే ఇంకొక నెల నడిస్తే నా బీడీ కార్డు తీసేస్తడు. నా చెవులు పోయినయి, చేతులు పోలే. ఆ సంగతి ఆనికి చెప్పాలంటే నాకు ఆ ఇల్లు కావాలె. ఆ ఇల్లు ఉన్నది ఉన్నట్టు కావాలె.

ఇంతకన్న గట్టిగ ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వది.

అక్క


సూరత్
29 జూన్, ఆదివారం. వాన ఆగింది. రెండు దారాలు పరిచాను.

అక్కకు దండాలు.

గల్లీలో నీళ్లున్నాయని మేడ మీద పరిచాను. మొదటి దారం, దాని పక్కనే రెండోది. ముడికి ముడి జత చేసుకుంటూ పోయాను. దర్వాజ ముడికి వచ్చేసరికే రెండోది బెత్తెడు ముందుకు పోయింది. గోడ చివరకు జానెడు దాటింది. ఒకే కండె, ఒకే చేయి, ఒకే ఇల్లు.

భాగ్యలక్ష్మి బట్టలు ఆరేయడానికి వచ్చి చూసింది. నడుం మీద చేతులు పెట్టుకొని నవ్వింది.

"సాలోడివి. కోర నూలు ఉతికితే గుంజుకుంటదని నేను చెప్పాల్నా?"

"ఉతికింది నువ్వే కదా."

"ఉతికింది నేను. ఆరేసింది నువ్వు. గల్లీల పరిచి మీసం తిప్పింది గూడ నువ్వే."

తువ్వాలు నేసేటప్పుడు మొదటి ఉతుకుకు పోయేది పోతుందని నాయన చేతెడు ఎక్కువ నేసేవాడు. ఆ చేతెడు కొలిచి చూపించేది నాకే. ముప్పై ఏళ్లుగా నా చేతిలో ఆడుతున్నది పాలిస్టర్. దాన్ని ఉడకబెట్టినా పొట్టి కాదు. నూలు సంగతి నా చేతులు మరిచిపోయాయి. నీ కొలత సరిగ్గానే ఉంది. తప్పుపట్టిన నన్ను క్షమించు.

ఇక ఇల్లు. గోడ మూరన్నర మందం కాబట్టి ఫ్రేము బయటి అంచుకు అందవలసిన పని లేదు. లోపలి అంచు మీద కూర్చోబెట్టండి. జానెడు తక్కువైనా మందం మీద చోటు ఉంటుంది. దూలాన్ని తీయవద్దు. ఫ్రేమును దూలానికి ఆనించండి, బరువు దాని మీద కూడా పడుతుంది. గోడ బయటి సగం పైన తెరిచి ఉంటే నీళ్లు నడుమ మట్టిలోకి దిగి రాళ్లు జారతాయి. అందుకని చూరు బాగా కిందికి, గోడ దాటి వేలాడాలి. రేకులు వద్దు. ఇనుము మీద వెదురు, వెదురు మీద గడ్డి.

గడ్డి గురించి ఒక మాట. పోయిన నెల బార్డోలీలో ఒక చావుకు వెళ్లాను. అక్కడ చెరకు తోటల్లో కాపలా గుడిసెలకు చెరకాకు కప్పారు. కింద చెరకాకు, పైన బోదగడ్డి వేస్తే గడ్డి సగమే చాలుతుందేమో బక్కయ్య మామను అడుగు.

కిటికీ వద్దు. గుంట అలాగే ఉంచు.

సోమలింగం


మన ఊరు, 9 జూలై

తమ్మునికి, మరదలికి, హారతికి దీవెనలు.

భాగ్యలక్ష్మి మాట చదివి ఒక్కదాన్నే నవ్వుకున్న. నవ్వుకుంట బీడీ కడితే వంకర పోయింది.

ఇల్లు నిలబడ్డది. ఫ్రేము నువ్వు చెప్పినట్టు లోపలి అంచు మీద కూసున్నది. "అల్లుడు ఇప్పుడు ఇల్లరికమచ్చిండు" అని బక్కయ్య మామ అన్నడట, జమున చేతులతోటి చెప్పింది. చెరకాకు ఒక్కటే అయితే ఏడాదిల కుళ్లుతదట, మీద బోదగడ్డి ఉంటే నాలుగేండ్లు ఉంటదట. గడ్డి గుట్ట అవతలి ఊర్ల దొరికింది. చూరు ఎంత కిందికి దింపిండంటే ఇప్పుడు దర్వాజల నుంచి పోతే నేను గూడ వంగాలె. నువ్వస్తే నెత్తి తాకుతది, ముందే చెప్తున్న.

మొన్న రాత్రి పెద్ద వాన పడిందట. నాకు పొద్దుగాల తెలిసింది, తడిసిన గడ్డి వాసనకు. రేకులైతే చప్పుడు వినబడుతదంటివి గద, నాకు వాసన చాలు. గుంటల చెయ్యి పెట్టి చూసిన. నీళ్లు రాలే. ఆకు మెత్తగున్నది. నిన్న బీడీలు పట్టుకపోతే కంపెనోడు ఒక్కటి గూడ తియ్యలే. ఏమనలేదు గూడ. గంతే చాలు.

ఒక్క బాధ మిగిలింది. గడ్డిని వెదురుకు కట్టిన కొబ్బరి తాడు నానుడు, ఆరుడు, మళ్ల నానుడు. వదులైతున్నది. ఇంటి కొప్పు కాడ రెండు కట్లు ఊడినయి. మల్ల గాలి దుమారం అస్తే మొదటి కథే. ఈడ మంచి తాడు దొరుకుతలేదు.

ఇంకొకటి. గల్లీల మన ఇల్లు పరిస్తివి గద. కోడలు దర్వాజ నుంచి లోపలికి పోయిందని రాసినవ్. నువ్వేడ నిలబడ్డవ్? అది రాయలే.

అక్క


సూరత్
13 జూలై, ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. పని ఇంకా పూర్తి కాలేదు కాబట్టి చివర రాస్తాను.

అక్కకు దండాలు.

తాడు దొరికింది. మా మగ్గాల మీద బట్ట పక్క అంచు కోసినప్పుడు సన్నని పేలికలు వస్తాయి. ఇక్కడ చిందీ అంటారు. మూటలు కట్టి పారేస్తారు. సేఠ్‌ను అడిగితే "లే జా, కచరా హై" అన్నాడు, చెత్తే కదా తీసుకుపొమ్మని. రెండు మూటలు తెచ్చాను. పేలికలు మూడేసి కలిపి పురి పెడితే వేలు మందం తాడు అవుతోంది. ఒక ముక్క వేడి సబ్బు నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, కొలిచాను. ఈసారి ఆరేసింది, కొలిచింది భాగ్యలక్ష్మి. కుంచించుకోలేదు. గులాబీ, పసుపు, చిలకపచ్చ రంగులన్నీ కలిసి ఉంటాయి. గడ్డి మీద కనబడితే ఊళ్లో నవ్వుతారు, నవ్వనీ. కొప్పు దగ్గర రెండు వరుసలు కట్టమని మామకు చెప్పు. తాడు ముక్కలు కోశాక కొసలు కాల్చాలి, లేకపోతే పురి విడిపోతుంది. గడ్డి దగ్గర నిప్పు కాబట్టి కింద కాల్చుకొని పైకి ఎక్కాలి.

ఎక్కడ నిలబడ్డావని అడిగావు.

హారతి దర్వాజ ముడి దాటి లోపల అటూ ఇటూ తిరిగింది. "పప్పా, తమారీ జగ్యా క్యాఁ?" అని గుజరాతీలో అడిగింది. నీ చోటు ఎక్కడ అని. నేను బయటే ఉన్నాను. లోపలికి వెళ్లి, పడమటి గోడ నుంచి రెండు అడుగులు వేసి నిలబడ్డాను. అక్కడ నా చాప ఉండేది. ఎదురుగా నీ చాప. నడుమ గుంట. అందులో పడి గడ్డం పగిలాక, రాత్రి దాని పక్కన పడుకోవాలంటే నాకు భయం. నాయనకు చెప్పలేదు. నీకూ చెప్పలేదు. అయినా నువ్వు దీపం ఆర్పాక గుంట మీదుగా ఒక నూలు పోగు నా వైపు విసిరేదానివి. ఒక కొస నీ దగ్గర, ఒక కొస నా దగ్గర. నేను లాగితే నువ్వు లాగేదానివి. అలాగే నిద్రపట్టేది.

గల్లీలో నిలబడితే అది గుర్తుకొచ్చింది. అంతలో ఒక రిక్షా వాడు హారన్ కొట్టాడు. పడమటి గోడ ఎత్తి పట్టుకున్నాను, వాడు దాని కింది నుంచి పోయాడు. ఈ సంగతి అప్పుడే రాయవలసింది. ఎలా రాయాలో తెలియలేదు.

దసరాకు మగ్గాల ఖాతా నాలుగు రోజులు మూస్తారు. వస్తాను. వంగే లోపలికి వస్తాను. గుంట పక్కన చోటు ఉంచు.

హారతి మెట్ల మీద నిలబడి పిలుస్తోంది. తాడు అవతలి కొస దాని చేతిలో ఉంది. "పప్పా, జల్దీ, హాథ్ దుఖ్తా హై. ఒక్కదాన్ని పడితే పురి ఇప్పుకపోతది" అంటోంది. ఈ కొస కుర్చీ కాలికి చుట్టి రాస్తున్నాను. అది లాగుతోంది, కుర్చీ కదులుతోంది. ఇవాళ్టి పని రాయడం మిగిలింది. పొద్దున లేచి... ఉండు, మళ్లీ లాగింది.